దవడకీలు బాధ – మర్దన చికిత్స

మానవశరీరమందలి కీళ్లలో మిక్కిలి యెక్కువగా పనిచేయుచు, మిక్కిలి తక్కువగా గుర్తింపబడు కీలు ఏది యని యెవరైన నడిగినచో, అది దవడకీలు అని చెప్పవలసి యుండును. మోకాలు నొచ్చినచో అది మోకాలి నొప్పి యని పసివాడును చెప్పగలడు. భుజము నొచ్చినచో భుజమును పట్టుకొని చూపుదుము. దవడకీలు నొచ్చినప్పుడు మాత్రము కొందరు చెవి నొప్పి యందురు. కొందరు పంటి నొప్పి యందురు. మరికొందరు తలనొప్పి యందురు. చెవిలో మందు వేయించుకొందురు. పుచ్చని పన్నును పెరికించుకొనువారును గలరు. నొప్పి మాత్రము పోదు.

ఈ కీలు ఎచ్చట నున్నది, ఎట్లు పనిచేయును, ఏల నొచ్చును, ఇంటివద్ద మన చేతులతో మనమే చేసికొనదగిన మర్దన యెట్టిది, మర్దన పనికిరాని సందర్భములెవ్వి యను విషయములను విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలియునట్లు ఈ వ్యాసమున వివరింతును. పరీక్షలకు చదువుకొను బాలబాలికలకు ఈ బాధ రాదగినదే కాబట్టి ఇది పెద్దవారి విషయమని పిల్లలు పుట తిప్పివేయరాదు.

కీలు నిర్మాణము

మీ చూపుడువ్రేళ్లను రెండు చెవుల ముందర, చెవికి ఆనుకొని యుంచి, నోటిని మెల్లగా తెరచి మూయుడు. వ్రేళ్ల క్రింద ఏదియో గుండ్రని వస్తువు ముందునకు జారి వెనుకకు వచ్చినట్లు తోచును. అదియే క్రింది దవడయెముక యొక్క తల. అది కణతయెముక యందలి పల్లములో అమరియుండును. ఈ రెంటి కలయికయే దవడకీలు. చెవిలోపలి చిన్న యెముకలను మినహాయించినచో, తలయందలి యెముకలన్నిటిలో కదలునది క్రింది దవడ యొక్కటే.

ఈ కీలునందు రెండు విశేషములు గలవు. మొదటిది: ఇది తలుపు బందు వలె తిరుగుటయే కాక, సొరుగు వలె ముందునకు జారును గూడ. నోటిని కొంచెము తెరచునపుడు బందు వలె తిరుగును. ఆవులించునంతగా తెరచునపుడు ముందునకు జారును. ఈ రెండు కదలికలును సాఫీగా జరుగుటకై యెముకల నడుమ పీచుకణజాలముతో నేర్పడిన యొక పలుచని బిళ్ల యుండును. ఆ బిళ్ల తన చోటు నుండి కొంచెము తొలగినప్పుడు నోరు తెరచునపుడు టక్కుమను శబ్దము వినబడును. నొప్పి లేక కేవలము శబ్దము మాత్రమే వచ్చుచున్నచో భయపడ నక్కరలేదు. ఆరోగ్యవంతులలో ననేకులకు ఆ శబ్దము వచ్చును. దానికి చికిత్స యవసరము లేదు.

రెండవ విశేషము: కుడిచేయి నొచ్చినచో ఎడమచేతితో పని జరుపుకొనవచ్చును. దవడకీళ్లకు ఆ సౌకర్యము లేదు. రెండు కీళ్లును ఒకే యెముక యొక్క రెండు చివరలు కాబట్టి, ఒకటి కదలినప్పుడు రెండవదియు కదలి తీరవలెను. కుడివైపు పన్ను పుచ్చినదని యెడమవైపుననే నమలువాడు రెండు కీళ్లకును శ్రమ కలిగించుచున్నాడు.

నమలు కండరములు

దవడను కదల్చు ముఖ్యమైన కండరములు ఒక్కొక్క వైపున నాలుగేసి కలవు. వానిలో మూడు నోటిని మూయునవి. నాలుగవది దవడను ముందునకు లాగి నోరు తెరచుటకు తోడ్పడును. మర్దన చేయదలచినవారికి ఈ నాలుగింటిలో రెండు ముఖ్యముగా తెలియవలెను.

మొదటిది చెక్కిలి కండరము. దీనిని వైద్యులు మాసెటర్ అందురు. ఇది చెంపయెముక నుండి బయలుదేరి దవడమూల వరకు దిగును. పండ్లను ఒక్కసారి బిగించినచో చెక్కిలి వెనుకభాగమున ఉబ్బి గట్టిపడునది ఇదియే. రెండవది కణత కండరము. దీని పేరు టెంపొరాలిస్. ఇది విసనకఱ్ఱ వలె కణతమీద పఱచుకొని, చెవిపై వరకు వ్యాపించి, క్రింది దవడకు కట్టుబడి యుండును. తలనొప్పి యని కణతలు పట్టుకొనువారిలో కొందరి బాధకు కారణము తలలో లేదు. దవడను బిగించి యుంచు ఈ కండరమునందే కలదు. మిగిలిన రెండును టెరిగాయిడ్ కండరములు. అవి దవడకు లోపలివైపున దాగియుండుటచే మన చేతికి సులభముగా అందవు.

ఇవి చిన్న కండరములే గాని వీని బలము చిన్నది కాదు. ఆరోగ్యవంతుడగు పెద్దవాడు వెనుకపండ్లతో గట్టిగా కొరికినచో 50 మొదలు 70 కిలోగ్రాముల బరువు మోపినంత ఒత్తిడి కలుగును. ఇంత బలము భోజనవేళ కొద్ది నిమిషములు ఉపయోగపడుటకు ఏర్పడినది గాని, దినమంతయు బిగించి యుంచుటకు కాదు. విశ్రాంతి సమయమున పెదవులు మూసియుండినను పై పండ్లకును క్రింది పండ్లకును నడుమ రెండు మొదలు నాలుగు మిల్లీమీటర్ల యెడము ఉండవలెను. ఈ వాక్యమును చదువుచున్న క్షణమున మీ పండ్లు ఒకదాని కొకటి తగులుచున్నవా, లేదా చూచుకొనుడు. తగులుచున్నచో మీ దవడ అనవసరముగా పనిచేయుచున్నదని తెలిసికొనవలెను.

నొప్పి దారితప్పుట

దవడకీలు నొప్పి చెవి నొప్పిగా తోచుటకు కారణము నాడీమండలమందు కలదు. మెదడు నుండి బయలుదేరు పండ్రెండు జతల నాడులలో అయిదవది ముఖమునకు స్పర్శజ్ఞాన మిచ్చు నాడి. అది మూడు శాఖలుగా చీలును. మూడవ శాఖ క్రింది దవడకును, క్రింది పండ్లకును, నమలు కండరములకును పోవును. ఈ శాఖకు చెందిన యొక కొమ్మయే దవడకీలునకును, చెవి ముందరి భాగమునకును, కణతకును స్పర్శజ్ఞానము కలిగించుచున్నది. ఒకే బావినుండి నాలుగిండ్లకు నీరు పోవునట్లు ఒకే నాడి నాలుగు చోట్లకు పోవుచున్నది. కాబట్టి కీలునందు పుట్టిన నొప్పి చెవియందో, కణతయందో, పంటియందో పుట్టినట్లు మెదడునకు తోచును.

అమెరికా దేశమున సెయింట్ లూయీ నగరమున చెవి-ముక్కు-గొంతు వైద్యుడుగా నుండిన జేమ్స్ కాస్టెన్ 1934లో ఈ విషయమును ప్రకటించెను. చెవి నొప్పి, చెవి దిబ్బడ యని తన యొద్దకు వచ్చిన రోగులలో కొందరికి చెవియందు దోషమేమియు లేదనియు, వారి బాధ దవడకీలునకు సంబంధించినదనియు ఆయన గుర్తించెను. వెనుకపండ్లు ఊడిపోవుటచే దవడ క్రుంగి నాడుల నొత్తుచున్నదని ఆయన చెప్పిన కారణము నిలువలేదు. తరువాతి శరీరశాస్త్రజ్ఞులు దానిని ఖండించిరి. చెవి బాధ దవడనుండి రావచ్చునను గుర్తింపు మాత్రము నిలిచినది. 1969లో డేనియల్ లాస్కిన్ అను దంతశస్త్రవైద్యుడు ఈ బాధలో పెక్కుపాలు ఎముకలది కాదనియు, మనస్సునందలి ఆందోళనచే పండ్లు బిగించుటవలన అలసిన కండరములదనియు వివరించెను. మర్దన చికిత్సకు శాస్త్రాధారము ఇచ్చట మొదలగుచున్నది. అలసినది కండరమైనచో, ఆ కండరమునకు విశ్రాంతి కలిగించుటయే చికిత్స గదా!

ఈ బాధకు దారితీయు అలవాట్లు

ఆందోళనకును దవడకును గల సంబంధమును మన భాష యేనాడో యెరుగును. కోపము వచ్చినవాడు పండ్లు కొరికెననియు, కష్టము నోర్చుకొన్నవాడు పండ్ల బిగువున సహించెననియు చెప్పుదుము. మాటలలో నున్నదే శరీరమందును జరుగుచున్నది. లెక్క తెగనప్పుడు, పరీక్ష సమీపించినప్పుడు, ఇంటిలో అప్పుల ప్రసక్తి వచ్చినప్పుడు మనకు తెలియకయే దవడ బిగియును. కొందరు నిద్రలో పండ్లు నూరుదురు. ప్రక్కన పరుండినవారు విని చెప్పిననే గాని తమకు తెలియదు. ప్రొద్దున లేచినప్పుడు చెక్కిళ్లు బరువుగా నుండుట, కణతలు నొచ్చుట దానికి గుర్తు.

పెన్సిలును, గోళ్లను కొరుకుట, చూయింగ్‌గమ్మును గంటల తరబడి నమలుట, గడ్డము క్రింద చేయి మోపి చదువుట, మెడ వంచి సెల్‌ఫోను చూచుచు గంటలు గడపుట, బోర్లపడి చెంప దిండున కానించి నిదురించుట – ఇవి యన్నియు దవడకు శ్రమ కలిగించునవే. చెరకు గడలను పండ్లతో చీల్చుట వేడుకయే గాని, నొప్పి యున్న దినములలో మానవలెను. దెబ్బ తగులుట, కీళ్లవాతము మొదలగునవియు కారణములు కావచ్చును. ఈ బాధ పురుషులలో కంటె స్త్రీలలో నెక్కువ. ఇరువది మొదలు నలువది యేండ్ల నడుమ విశేషముగా కనబడును.

మా పాఠశాలయందు పదవ తరగతి చదివిన యొక బాలికకు పరీక్షలకు రెండు మాసముల ముందు కుడిచెవి నొప్పి పుట్టినది. చెవిలో చుక్కలమందు రెండు మారులు వేసిరి. తగ్గలేదు. దంతవైద్యుడు ఆమె చెక్కిలి కండరమును వ్రేలితో నొత్తగనే, ఇన్నాళ్లు చెవిలో నున్నదని చెప్పిన నొప్పి అచ్చటనే పట్టుబడినది. ఆమె రాత్రి పండ్రెండు గంటల వరకు పండ్లు బిగించి చదువుచుండెడిది. వైద్యుడు వ్రాసి యిచ్చిన మందు స్వల్పము. పండ్లు ఎడముగా నుంచుమనియు, వేడి కాపడము పెట్టుమనియు, దినమునకు రెండు మారులు మర్దన చేసికొనుమనియు చెప్పెను. మూడు వారములలో ఆమె బాధ తగ్గి పరీక్షలు వ్రాసినది.

పూర్వులెరిగిన విషయము

దవడకు చేతితో చికిత్స చేయుట నేటి మాట కాదు. క్రీస్తునకు పూర్వము సుమారు 1600 నాటిదగు ఈజిప్టు దేశపు వైద్యగ్రంథ మొకటి ఎడ్విన్ స్మిత్ అను నాతని పేరున ప్రసిద్ధమై యున్నది. నోరు మూతపడక దవడ జారినవానికి బొటనవ్రేళ్లను నోటిలోపల దవడ చివరలపై నుంచి, తక్కిన వ్రేళ్లను గడ్డము క్రింద నుంచి దవడను యథాస్థానమునకు చేర్చు పద్ధతి దానియందు కలదు. మన చరకసంహిత చికిత్సాస్థానమున వాతవ్యాధుల నధికరించిన 28వ అధ్యాయమందును దాదాపు ఇదే పద్ధతి చెప్పబడినది. మొదట దవడకు కాపడము పెట్టి, తరువాత బొటనవ్రేళ్లతో నొత్తి, చూపుడువ్రేళ్లతో గడ్డము నెత్తవలెనని దాని భావము. దవడ పట్టుకొనిపోవుటకు ఆయుర్వేదమున హనుగ్రహమని పేరు. సంస్కృతమున హనువు అనగా దవడ. బాల్యమున ఇంద్రుని వజ్రాయుధము తగిలి ఎడమ హనువు భగ్నమైనందుననే ఆంజనేయునకు హనుమంతుడను పేరు వచ్చినదని రామాయణము చెప్పుచున్నది.

ఇందు రెండు సంగతులు గమనింపవలెను. జారిన దవడను యథాస్థానమున కూర్చుట వైద్యుని పని. దానిని ఇంటివద్ద ప్రయత్నింపరాదు. రెండవది, ముందు కాపడము, తరువాత చేతిపని యను క్రమమును చరకుడు చెప్పియున్నాడు. నేటి వైద్యులును మర్దనకు ముందు కాపడము పెట్టుమనియే చెప్పుచున్నారు.

ఆధునిక శాస్త్రము కూడ మర్దనను త్రోసివేయలేదు. 2023 డిసెంబరులో బ్రిటిషు వైద్యపత్రికయగు బి.ఎమ్.జె. ప్రకటించిన మార్గదర్శక సూత్రములలో, మూడు మాసములకు మించి నిలిచిన దవడనొప్పికి శిక్షణ పొందినవారిచే దవడను మెల్లగా కదల్పించుకొనుట, కండరములలోని నొప్పిముడులను చేతితో నొత్తించుకొనుట, దవడ వ్యాయామములు, మనస్సునకు ఊరట కలిగించు చికిత్స మొదలగునవి గట్టిగా సిఫారసు చేయబడినవి. పండ్లను శాశ్వతముగా మార్చివేయు చికిత్సలను, కీలులోని బిళ్లను కోసి తీసివేయుటను అవి గట్టిగా వలదనినవి. ఖర్చు తక్కువ, కోత లేదు, ప్రమాదము స్వల్పము అగు మార్గమును ముందు పట్టవలెనని దీని సారాంశము.

మర్దన యేల మేలు చేయును?

కాలు బల్లకు తగిలినప్పుడు ఎవరును నేర్పకయే ఆ చోటును చేతితో రుద్దుకొందుము. రుద్దగనే నొప్పి కొంత తగ్గినట్లుండును. దీనికి కారణము చెప్పుచు మెల్జాక్, వాల్ అను నిరువురు శాస్త్రజ్ఞులు 1965లో ఒక సిద్ధాంతమును ప్రకటించిరి. నొప్పిని మోసికొనిపోవు సన్నని నాడీతంతువులును, స్పర్శను మోసికొనిపోవు లావైన తంతువులును వెన్నుపామునందు ఒకే ద్వారమువద్ద కలియును. స్పర్శ విశేషముగా వచ్చినప్పుడు ఆ ద్వారము కొంత మూసికొని నొప్పిని తక్కువగా పోనిచ్చును. ముఖమునుండి వచ్చు నాడులకు ఇట్టి ద్వారము మెదడు క్రిందిభాగమున కలదు. ఈ సిద్ధాంతము తరువాత కొంత సవరింపబడినది గాని, రుద్దుటచే నొప్పి తగ్గుటకు ఇది ముఖ్యకారణముగా నేటికిని చెప్పబడుచున్నది.

రెండవ మేలు ఇంతకంటె గొప్పది. మర్దన చేసికొనువాడు తన దవడ బిగిసియున్నదని తన వ్రేళ్లతో తెలిసికొనును. తెలిసికొన్నవాడు వదలివేయ నేర్చును. అయితే మర్దన జారిన బిళ్లను చోటునకు చేర్చదు. అరిగిన కీలును క్రొత్తది చేయదు. కండరముల బిగువును, దానివలని నొప్పిని తగ్గించుటయే దాని పని.

మర్దన విధానము

సన్నాహము: గోళ్లు తీసికొని చేతులు కడుగుకొనవలెను. వీపు నిటారుగా నుంచి కూర్చుండవలెను. గోరువెచ్చని నీటిలో తడిపి పిండిన బట్టను చెక్కిళ్లపై పది నిమిషములు ఉంచవలెను. చర్మము కాలునంత వేడి కూడదు. వ్రేళ్లు జారుటకై రెండు చుక్కల నువ్వులనూనె చాలును. నూనె లేకున్నను కొరత లేదు. పెదవులు మూసి, పండ్లు ఎడముగా నుంచి, న యను అక్షరమును పలుకునపుడు నాలుక కొన యెచ్చట నుండునో అచ్చట, అనగా పై ముందుపండ్ల వెనుకనున్న చిగురుపై, దాని నుంచవలెను. 

ఒత్తిడి యెంత? మన ప్రాంతమున మామిడి తోటలు కలవు. పండు మెత్తబడెనా యని చూచునపుడు కమిలిపోకుండ వ్రేలితో నెంత నొత్తుదుమో అంతయే యొత్తిడి చాలును. హాయితో కూడిన స్వల్పపు నొప్పి యుండవచ్చును. ముఖము చిట్లించునంత నొప్పి కలిగినచో అది మర్దన కాదు, హింస.

మొదటి వరుస – చెక్కిలి: ఒకసారి పండ్లు బిగించి ఉబ్బిన కండరమును గుర్తించి, వెంటనే వదలవలెను. రెండు చెక్కిళ్లపైనను చూపుడు, నడిమి, ఉంగరపు వ్రేళ్ల కొనలు ఉంచి చిన్న చిన్న సున్నాలు చుట్టవలెను. చెంపయెముక క్రింద మొదలుపెట్టి దవడమూల వరకు మెల్లగా దిగవలెను. ఇట్లు ఒక నిమిషము.

రెండవ వరుస – కణత: అవే వ్రేళ్లతో కణతలపై సున్నాలు చుట్టుచు చెవిపైభాగము వరకు వెనుకకు పోవలెను. ఒక నిమిషము. వ్రేళ్లు కంటిని సమీపింపరాదు.

మూడవ వరుస – దిగదువ్వుట: అరచేతి మొదళ్లను చెంపయెముకల క్రింద ఆనించి, దవడ అంచు వరకు నెమ్మదిగా దువ్వవలెను. దువ్వుచున్నంతసేపు నోరు తనంత తాను కొంచెము తెరచుకొననీయవలెను. ఐదారు మారులు చాలును.

నాలుగవ వరుస – ముడి నొత్తుట: వ్రేలి క్రింద పప్పుగింజ వలె గట్టిగా, నొప్పిగా నుండు చోటు దొరికినచో దానిపై వ్రేలు కదల్పక ఇరువది లేక ముప్పది సెకండ్లు నొక్కి పట్టవలెను. అది మెత్తబడునంతలో నెమ్మదిగా ఊపిరి విడువవలెను. ఇట్టి నొప్పిముడులను గురించి జానెట్ ట్రావెల్ అను వైద్యురాలు విశేషముగా పరిశోధించినది. ఆమె 1961లో అమెరికా అధ్యక్షుడు కెనెడీకి వైద్యురాలుగా నియమింపబడినది.

అయిదవ వరుస – మెడ వెనుకభాగము: తల మోయు మెడకండరములు బిగిసినప్పుడు దవడయు బిగియును. కావున మెడ వెనుకభాగమును పుఱ్ఱె మొదలు భుజముల వరకు వ్రేళ్లతో మెత్తగా పిసుకవలెను. మెడ ముందుభాగమున, గొంతునకు ఇరుప్రక్కల, మెదడునకు రక్తము కొనిపోవు ధమనులు కలవు. అచ్చట ఎన్నడును ఒత్తరాదు.

తుదకు వ్యాయామము: నాలుక కొనను పైచిగురుపై నుంచియే, అది వదలనంత మేరకు నోటిని మెల్లగా తెరచి మూయవలెను. ఆరు మారులు చాలును. గడ్డము ఒక ప్రక్కకు వంకర పోకుండ అద్దములో చూచుకొనుచు చేయుట మంచిది.

కాపడము గాక ఇదంతయు ఐదారు నిమిషముల పని. ప్రొద్దున నొకమారు, పరుండబోవునపుడు నొకమారు చేసిన చాలును. ఒక దినమున గంటసేపు రుద్దుటకంటె, నెల దినములు ఐదేసి నిమిషములు చేయుట మేలు. నోటి లోపలి కండరములను మర్దించుట శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టులు, దంతవైద్యులు చేయవలసిన పని. గడ్డము పట్టి ఒక్క విదలింపున దవడను సరిచేసెదనను వారి చేతికి దవడ నీయరాదు.

నొప్పి యున్నన్నాళ్లు మెత్తని ఆహారము తినవలెను. ఇడ్లీ, పెరుగన్నము, మెత్తగా ఉడికిన రాగిసంకటి మంచివి. ఆవులింత వచ్చినప్పుడు గడ్డము క్రింద పిడికిలి నానించి నోరు మితిమీరి తెరచుకొనకుండ ఆపవలెను.

మర్దన చేయరాని సందర్భములు

మేలు చేయు దానిని గూడ వేళ యెరిగి వాడవలెను. క్రింది గుర్తులున్నచో మర్దనతో కాలము గడపక వైద్యుని చూడవలెను.

1. నడచునపుడో, బరువెత్తునపుడో దవడ నొప్పి వచ్చి, దానితోడ రొమ్ము బరువు, చెమట, ఆయాసము ఉన్నచో అది గుండెపోటు కావచ్చును. తక్షణమే 108 బండిని పిలువవలెను.

2. గాయము తగిలిన కొన్ని దినములకు దవడ బిగిసి నోరు తెరచుకొననిచో అది ధనుర్వాతము కావచ్చును. ఒక్క పూట కూడ ఆలస్యము కూడదు.

3. దెబ్బ తగిలిన పిదప పండ్లు మునుపటి వలె కలియకున్నను, తెరచిన నోరు మూతపడకున్నను, ఎముక విరుగుటయో కీలు జారుటయో జరిగియుండును.

4. వాపు, జ్వరము, చెవినుండి చీము, ముఖమున తిమ్మిరి యున్నను, మెరుపు మెరిసినట్లు క్షణకాలము తీవ్రముగా పొడుచు నొప్పి యున్నను కారణము వేరు.

5. ఏబదియేండ్లు దాటినవారికి క్రొత్తగా కణతనొప్పి పుట్టి, నమలునపుడు దవడ అలసి, చూపు మందగించినచో అది రక్తనాళముల వ్యాధి కావచ్చును. ఆలస్యమైనచో చూపు పోవు ప్రమాదము కలదు.

6. నోరు తెరచుట నానాటికి తగ్గుచు, కారము తగిలినచో నోరు మండుచు, చెక్కిళ్లు లోపల గట్టిపడుచున్నచో అది వక్కవలన కలుగు వ్యాధి.

ఈ కడపటి దానిని గురించి తలిదండ్రులకు ప్రత్యేకముగా చెప్పవలసి యున్నది. వక్కపలుకులు, వక్క కలిసిన పొట్లముల పొడులు అలవాటైనవారికి నోటిలోపలి పొర క్రింద పీచు పెరిగి, చెక్కిలి తోలు వలె బిగిసిపోవును. భారతదేశమందును, భారతీయులున్న ఇతర దేశములందును ఇది వైద్యుల దృష్టికి 1952, 1953 సంవత్సరములలో వచ్చినది. వీరిలో కొందరికి ఇది నోటి కాన్సరుగా మారును. పొట్లములకు లోబడినవారిలో చిన్నవయస్సువారును కలరు. దీనిని దవడపట్టు అని పొరబడి నూనె రాచుచు కూర్చున్నచో విలువైన కాలము పోవును. పరీక్ష సులభము: వాని మూడు వ్రేళ్లను – చూపుడు, నడిమి, ఉంగరపు వ్రేళ్లను – ఒకదానిపై నొకటిగా నిలువున పై క్రింది ముందుపండ్ల నడుమ నుంచుమనుడు. మూడు వ్రేళ్లును పట్టినచో నోరు తగినంత తెరచుకొనుచున్నది. రెండే పట్టినచో వైద్యునకు చూపవలెను.

బాధను మాటలలో చెప్పుట

ఇక నొక మాట మనవంటి వారికే ప్రత్యేకమైనది. ఈ హోసూరు సీమలో మనము ఇంటిలో తెలుగును, అంగడిలో కన్నడమును, ఆసుపత్రిలో తమిళమును మాటలాడుదుము. అవ్వను వైద్యుని యొద్దకు కొనిపోవునది పెక్కిండ్లలో బడిపిల్లలే. అవ్వ తెలుగున చెప్పినది పిల్ల తమిళమున చెప్పును. అవ్వ చెవిని చూపి ‘ఈడ నొస్తుంది’ అన్నచో, పిల్ల ‘కాదు వలి’ అనును. వైద్యుడు చెవిని చూచును. నొప్పి దవడది. పైన చెప్పిన బాలిక విషయమున జరిగినదియు ఇదియే.

కాబట్టి పిల్లలారా, అనువదించుటకు ముందు అడుగుడు: నమలునపుడు నొప్పి హెచ్చుచున్నదా? ఆవులించునపుడు హెచ్చుచున్నదా? ప్రొద్దున నెక్కువా, సాయంకాల మెక్కువా? చెవినుండి చీము కారుచున్నదా? వ్రేలితో నొత్తి చూపుమన్నచో ఎచ్చట నొత్తుచున్నారు? ఈ అయిదు ప్రశ్నలకు జవాబులు తెలిసికొని, దవడకీలును తమిళమున ‘తాడై మూట్టు’ అందురనియు, దవడ నొప్పిని ‘తాడై వలి’ అందురనియు జ్ఞాపకముంచుకొని చెప్పినచో వైద్యుని వ్రేలు సరియైన చోటికి పోవును. కన్నడమున దవడను ‘దవడె’ అందురు గనుక అచ్చట చిక్కు లేదు. ఇంటిమాటలో బాధను స్పష్టముగా చెప్ప నేర్చినవాడే పొరుగుమాటలోను స్పష్టముగా చెప్పగలడు. తెలుగు చదువుట యెందులకని యడుగువారికి ఇదియు నొక సమాధానము.

తలిదండ్రులకు నొక మనవి. పరీక్షల కాలమున పిల్లవాడు కణతలు పట్టుకొని కూర్చున్నచో సాకు చెప్పుచున్నాడని కసరక, ముందుగా వాని చెక్కిలిని వ్రేలితో తాకి చూడుడు. రాయివలె నున్నచో పుస్తకమును పది నిమిషములు మూయించి, వేడిబట్ట పెట్టి, మీ చేతులతోనే మెత్తగా మర్దింపుడు. ఈ బాధ శస్త్రచికిత్స లేకయే పెక్కుమందికి తగ్గిపోవును. దానికి కావలసినవి ఓర్పు, వేడినీటి బట్ట, పది వ్రేళ్లు. పెదవులు కలిసియుండవలెను, పండ్లు విడియుండవలెను – ఈ యొక్క సూత్రము ఇంటిల్లిపాదికిని కంఠస్థమైనచో చాలును.